ఊడొచ్చే ముడి

ముహర్రక్‌లో మ్యూజియం గోదాము,
ఎనిమిదో అర, నాలుగో పెట్టె.
ముత్యాలకి మునిగేవాళ్లు కాలికి రాయి కట్టుకునే తాడు.
రాయి పోయింది, తాడు మిగిలింది,
తాడు చివర ఒక ముడి.
రికార్డులో నాకు ముందువాళ్లు రాసిపెట్టారు:
"ముడి. రకం తెలియదు."
ముప్పై ఏళ్లుగా తెలియకుండానే భద్రంగా ఉంది.

గురువారం సాయంత్రం ఫొటో పెట్టాను,
పక్కన సెంటీమీటర్ల స్కేలుతో సహా.
అరబ్బీలో, ఇంగ్లీషులో, ఎందుకో తెలుగులోనూ
ఈ ముడి ఎవరికైనా తెలుసా అని.

హాలెండ్ ప్రొఫెసరొకాయన "అద్భుతం" అని
తన వ్యాసం లింకు అతికించి వెళ్లాడు.
కువైట్‌లో ఒకావిడ వాళ్ల తాత ఫొటో పెట్టింది,
తాత చేతిలో తాడు లేదు.
"అక్కా, మీ కాడ హెల్పర్ వీసా ఉంటే చెప్పు" అని
జగిత్యాల పిల్లాడు.
రెండొందల పన్నెండు లైకులు. డైరెక్టరు సంతోషించాడు.
ముడి మాత్రం ముడిలాగే ఉంది.

రాత్రి రెండింటికి ఫోను వణికింది.
సూరాడ పోలయ్య, సిత్రా రేవు, చేపల పడవ.
తన స్టోరీలో పెట్టి నా పేరు తగిలించాడు.
మొహం లేదు. రెండు చేతులు, నీలం నైలాను తాడు,
గోరు ఊడిన బొటనవేలు,
వెనక జనరేటరు మోత.

"మేడమ్ గోరూ, ఇది కట్టడానికేసీ ముడి గాదండి,
ఇప్పడానికేసీ ముడి.
అడుక్కెల్లాక రాయి ఒగ్గీయాల గదా.
ఊపిరి సాలనప్పుడు ఏళ్లు పన్జెయ్యవు.
ఒక్క లాగుకి ఊడొచ్చీయాల.
మా భావనపాడు కాడ లంగరుకి మా అయ్య ఏసీవోడు."
లాగాడు. ఊడింది.

ఇరవై నాలుగు గంటలకి ఆ స్టోరీ కూడా ఊడిపోయింది.
దాచడం నా ఉద్యోగం. దాచలేదు.
ఆ వేళకి నేను మీటింగులో ఉన్నాను,
మన పోస్టులు ఎంతమందికి చేరాయో లెక్కలు చూస్తూ.
తర్వాత మెసేజీ పెట్టాను. చూసిన గుర్తు రాలేదు.
సీజను అయిపోయిందో, సిమ్ము మారిందో,
కఫీలే మారాడో.

వ్యాసం పంపితే పత్రికవాళ్లు అడిగారు,
ఆధారమేది, ఈయన అర్హతేమిటి?
"బొటనవేలు" అని రాసి, కొట్టేసి,
"వ్యక్తిగత సంభాషణ" అన్నాను.

లిఫ్టులో, మెళ్లో ఐడీ కార్డు తాడుతో
ఆ ముడి వేస్తూ ఉంటాను.
పదిసార్లలో మూడుసార్లు ఊడుతుంది.
మిగతా ఏడుసార్లూ మునిగిపోయినట్టే.

కొత్త లేబుల్ మీద పేరుండాలని పట్టుబట్టాను.
బదరియా అరబ్బీలోకి దించుతూ ఆగిపోయింది,
మాకు "ప" లేదే, అని.
పలికి చూసింది. బోలయ్య.
ఊరు కూడా రాయనా అంది.
భావనపాడు.
"మళ్లీ పా!" అని నవ్వింది.

ఎలా వస్తే అలాగే రాసేయమన్నాను.
పడవ మీదివాడెవడైనా చదివితే
తప్పు దిద్దడానికి
రాత్రి రెండింటికి ఫోను చేస్తాడు.