ఒకటోసారి, రెండోసారి

పరీక్ష పదో తేదీ.
కర్నూలు పెద్దాసుపత్రి, న్యూరో వార్డు, నైట్ డ్యూటీ.
నోటుబుక్కులో మెదడు గీసి బాణాలేస్తున్నా.

మెదడుకు మూడు పొరలు.
పైది డ్యూరా, గట్టి తల్లి అని అర్థమంట.
లోపలిది పయా, మెత్తని తల్లి.
నడుమది సాలెగూడు.
ఇద్దరు తల్లుల మధ్య సాలీడుకేం పనో
మేడం చెప్పలేదు, సిలబస్‌లో లేదు.

చిన్నమెదడు: నడక, నిలకడ.
మెదడు కాండం: ఊపిరి, గుండె లయ.
రాత్రంతా మేలుకునుంటుంది, నాలాగే.
హిప్పోకాంపస్: జ్ఞాపకాలు. సముద్రపు గుర్రం ఆకారం.
నేను సముద్రం చూడలేదు.
హంద్రీని చూసినా, అదీ సగం ఏడు ఇసుకే.

పద్నాలుగో మంచం, ఉసేనప్ప.
మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు
ఉల్లిగడ్డల వేలం పాడినోడు.
ఎడమ వైపు ధమనిలో గడ్డ.
కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది.
కేసు షీటులో బ్రోకా అఫేసియా.

"గడ్డంటే ఏందమ్మా?" సుంకులమ్మ అడిగింది.
"బుద్ధెరిగినప్పట్నుంచీ గడ్డల్తోనే గదా బతికింది,
ఈ నెత్తురు గడ్డ యాడిది?"

కె.సి. కాలువకు పూడిక అడ్డం పడిందనుకో పెద్దమ్మా.
పైమళ్లు పారతాయి,
చివరాయకట్టు ఎండుతుంది.
ఆ ఎండిన మడిలోనే మాటలుండేది.

రొంతసేపు ఆలోచించింది.
"మల్ల నీళ్లిడిస్తే పైరు లేచ్చాదా?"

లేస్తుందని పుస్తకంలో ఉంది.
కొంతవరకే అని కూడా ఉంది.
మొదటి ముక్కే చెప్పినా.

పొద్దున రౌండ్స్‌లో డాక్టరు పెన్ను చూపించినాడు.
ఇదేంది?
ఉసేనప్ప పెదాలు కదిలినాయి, నుదురు చెమర్చింది.
వాచీ. తాళంచెవి.
సరే, ఈమె పేరేంది?
"ఆ... అది... అది..."
పేరు కళ్లదాకా వచ్చి నిలబడింది.

సుంకులమ్మ తల దించుకోని సంచి వెతికింది.
సంగటిలోకి తెచ్చుకున్న ఉల్లిగడ్డ తీసి
అతని ఎడమ చేతిలో పెట్టింది.
బొటనవేలు దాని మెడ నొక్కింది,
పచ్చా, ఎండా అని.
పొట్టు రాలింది దుప్పటి మీద.

"తొమ్మిదొందలా యాభై!
వెయ్యి! వెయ్యీ యాభై! వెయ్యీ వందా!"

వార్డంతా తల తిప్పింది.
కింద చాపల మీద పండుకున్నోళ్లు లేచి నిలబడినారు
సరుకు నిజంగా దిగినట్టు.

"ఒకటోసారి!
రెండోసారి!"

అంకెల వరస, నోటికి అలవాటైన పాట
వేరే చోట దాగుంటాయి, రాసుకో
అన్నాడు డాక్టరు.
రాసుకున్నా.

మూడోసారి అనలేదు ఉసేనప్ప.
గడ్డను పిడికిట్లో మూసుకున్నాడు.
సుంకులమ్మ చెయ్యి చాపింది.
ఇయ్యలేదు.

పదో తేదీ పేపర్లో అఫేసియా రాలేదు.
మెదడు పొరలు రాయుమన్నారు, మూడు మార్కులు.
పైనుంచి కిందికి రాసి
వేళ్లు వాసన చూసుకున్నా.
సబ్బు వాసనే.