అభ్యంతరం లేదు

ఎలుకలకు పల్లీముద్ద, ఆరు కిలోలు.
ఏప్రిల్‌లో ఈ బిల్లు నా బల్ల మీదికొచ్చింది.
పక్కన ఆకుపచ్చ సిరాతో రాశాను:
"ఎవరి అల్పాహారం? వివరణ ఇవ్వండి."

మర్నాడు పల్లవి హెబ్బార్ తానే వచ్చింది,
చెప్పులకు తురహళ్ళి మట్టి, మోచేతి మీద గీరుడు,
కూర్చోమన్నా కూర్చోలేదు.
అడవిలో పది రకాల జంతువులుంటే
గోమారి ఒకసారి ఉడుతని కుడుతుంది, ఒకసారి తొండని,
ఒకసారి కుందేలుని. జబ్బు దారి తప్పుతుంది.
ఎలుకలే మిగిలితే మాత్రం, అంది,
ప్రతి కాటూ సరైన గుమ్మానికే చేరుతుంది.

నాకు తెలిసింది లెక్కలే, లెక్కల్లోనే అడిగాను:
పదిమందికి పంచిన అప్పు ఎగిరిపోతుంది,
ఒక్కడి పేరునే ఉంటే చక్రవడ్డీ. అంతేనా?

నవ్వింది. "కావచ్చు మేడం.
కాకపోనూవచ్చు. కొన్నిచోట్ల లెక్క తిరగబడుతుంది.
అది తేల్చుకోడానికే ఆరు కిలోలు."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో
తెలియదని చెప్పి డబ్బు అడిగిన మనిషిని
నేను చూడటం అదే మొదలు.
దరఖాస్తులో 'ఆశించే ఫలితం' అన్న గడిలో కూడా
అదే రాసిందట. వెనక్కి పంపారు.
మూడోసారి ఎవరో సీనియర్ దిద్దిపెడితే
రెండేళ్ళకు మంజూరైంది.

ఆస్తుల తనిఖీకి జులైలో నేనూ వెళ్ళాను.
రిజిస్టరులో నలభై బోనులు.
ఓబళేశుది మా పావగడ పక్కే,
తెలుగు వినపడగానే మొహం విప్పారింది.
తెల్ల ఫ్లానెల్ గుడ్డని గడ్డి మీద
నిద్రపోయే బిడ్డ కింది దుప్పటిలా మెల్లగా లాగాడు,
తిరగేసి చూపించాడు:
పదకొండు నువ్వుగింజలు, నడుస్తున్నవి.
(ఆ గుడ్డకీ నేను టెండరు అడిగాను, పన్నెండు మీటర్లకి.)

బోనులో చిట్టెలుక. చెవికి నంబరు.
నా మెడలో వేలాడే కార్డుకీ నంబరే.
దాని రక్తం ఒక్క బొట్టు తీసి, తూచి,
ఎక్కడ పట్టాడో అక్కడే వదిలాడు.

కంచె అవతల పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటు,
దాని వాచ్‌మన్ టీ గ్లాసుతో నిలబడి చూస్తున్నాడు.
"పట్టుకుని చంపుతారా?"
"లేదన్నా, వదిలేస్తాం."
"దానికి జీతమా!"
ఓబళేశు ఏమీ అనలేదు. కాసేపాగి నాతో అన్నాడు,
ఆ లిఫ్టున్న చోట కుందేళ్ళుండేవి మేడం.
ముంగిసలైతే పొద్దున్నే దారికడ్డంగా.
ఇప్పుడు రాత్రయితే పందికొక్కులే.

ఆగస్టులో ఊరంతా జ్వరాలు.
క్యాంపస్‌లో పొగ కొట్టించడానికి
లక్షా ఎనభై వేలు, ఒక్క సాయంత్రంలో ఆమోదం.
అర్జెంటు అని ఎర్ర చీటీ ఉంది,
నేను ఏమీ అడగలేదు. అదే పెన్నుతో సంతకం.
తూనీగలు మెట్ల మీద రాలిపడి ఉన్నాయి,
వాటికి ఏ పద్దూ లేదు.

మూడో ఏడుకి ఉత్తరం వచ్చింది:
ఫలితాలు నిర్దిష్టంగా లేనందున కొనసాగింపు లేదు.
పల్లవి చదివి, మడతపెట్టి,
ఫ్రీజర్‌లో నమూనాలకు కరెంటు ఎన్నాళ్ళిస్తారని మాత్రం అడిగింది.
రూల్స్ వెతికాను. ఎలుక రక్తానికి రూలు లేదు.
దొరకలేదు కాబట్టి ఆపనూలేదు.

మార్చి ముప్పై ఒకటిన ఓబళేశు వచ్చి
బోనులు లెక్కపెట్టి అప్పజెప్పాడు.
ముప్పై తొమ్మిది.
నిబంధన ప్రకారం తక్కువైనదానికి ఆరువందల నలభై
అతని ఆఖరి జీతంలోంచి కోయాలి.

"ఏదో లాక్కుపోయింది మేడం, రాత్రిపూట కాదు, పగలే."
ఫోన్‌లో ఫొటో చూపించాడు:
బురదలో ఈడ్చిన గాడి, పక్కన అయిదేసి గోళ్ళ గుర్తులు.
పల్లవి ఫోన్ లాక్కుని పెద్దది చేసింది,
ఇంకా పెద్దది చేసింది,
ఉత్తరం వచ్చాక ఆమె మొహంలో వెలుగు చూడటం అప్పుడే.

రిజిస్టరు తెరిచాను. నలభయ్యో వరస,
నష్టానికి కారణం:
"ముంగిస. ఇంకా ఉంది."
వసూలు: సున్నా.
దాని పక్కన, నా ఆకుపచ్చ సిరాతో,
అభ్యంతరం లేదు.