ఏ పద్దు కింద

గుణుపురంలో మా ఆఫీసంటే
సిమెంటు గొడౌను మీద ఒక రేకుల గది.
నేను మస్టరు రాస్తాను.
మూడు భాషల పేర్లు, ఒకటే రూళ్ల పుస్తకం.
వేలిముద్ర వేయబోతే రాజులమ్మ ఊరుకోదు.
"గోడ నిలువు పట్టీసినావు, పేరు పట్టలేవేటి?"
అని సవర ఆడపిల్లల చేతికి నా పెన్నే ఇచ్చేస్తుంది.
అందుకే నా పెన్నులకి ఎప్పుడూ సున్నం వాసన.

మగ కూలీ, ఆడ కూలీ అని
నా పుస్తకంలో రెండు గళ్లుండేవి.
మధ్య గీతని ఆమె బ్లేడుతో గీకేసింది.
కాగితం అక్కడ పలచబడి
అవతలి నెల అంకెలు ఇటు కనబడతాయి.

కొర్ల రాజులమ్మ కన్‌స్ట్రక్షన్స్.
బోర్డు మీద పేరు పెద్దది,
బ్యాంకులో నిలవ చిన్నది.
తట్టలు మోసిన నడినెత్తి మీద
జుట్టు ఇప్పటికీ సరిగ్గా రాదు.
టెండరు రోజున మాత్రం
అక్కడికి ఒక కనకాంబరం జరుపుతుంది.

తుంబిగుడ గెడ్డ మీద కల్వర్టు మాకొచ్చింది.
వానలు పడితే ఆ ఊరు నాలుగు నెలలు
అవతలి గట్టునే ఉండిపోతుంది.
బియ్యం, మాస్టారు, పురుడు పోసే నర్సు, అన్నీ ఇవతల.
ఎస్టిమేటులో ఇంజనీరు గారు రాశారు:
రాయి స్థానికంగా లభ్యం. దూరం వంద మీటర్లు.

నిజమే, లభ్యమే.
కొండవాలున రాళ్లు నిలబడి ఉన్నాయి,
మోకాలెత్తు, భుజమెత్తు, కొన్ని పక్కకి ఒరిగి,
సంత బస్సు కోసం కాసుకున్న జనంలాగ.
మేస్త్రి సమ్మెట ఎత్తాడు.
ముసలిది, సుంబారి గొమాంగో,
అడ్డం రాలేదు, అరవలేదు.
ఒక్కో రాయి దగ్గరా ఆగి చెప్పింది:
ఇది మామ. ఇది తోడికోడలు.
ఇది పాము కరిచిన గుంటడు.
ఇది…
పేరు మరిచిపోయింది.
సిగ్గుపడి రాయిని నిమిరింది.

సమ్మెట దిగింది.
రెక్కగోడల రాయి ముప్పై కిలోమీటర్ల అవతలి
క్వారీ నుంచి వచ్చింది.
లారీ కిరాయి, డీజిలు, దారిలో విరిగిన కమానుకట్ట,
నలభై రెండు వేలు నష్టం.
ఎర్రసిరాతో రాసి చూపించాను.
"అంకెలు ముద్దుగా రాస్తావు బాబూ" అంది.
అంతే.

మాఘంలో మొదలెట్టి జ్యేష్ఠంలో ముగించాం.
స్లాబు పోసిన మర్నాటి నుంచీ గోనెపట్టాలు తడపడానికి
ఊరు ఊరంతా కుండలతో దిగింది.
ఎవరి వంతు ఎప్పుడో వాళ్లే చూసుకున్నారు,
కావలివాడి జీతం ఒకటి మిగిలింది.
మొదటి వానకి గెడ్డ ఎర్రగా దిగి
రెండు ఖానాల్లోంచి గొణుక్కుంటూ పోయింది.
రిబ్బను లేదు, మైకు లేదు.
అందరికన్నా ముందు ఒక మేక దాటింది.
బిల్లు ఇంకా రాలేదు.

ఆమె మగడు గవరయ్య తాపీ మేస్త్రి.
సూరత్‌లో ఆరో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు.
ముందు ఫోనొచ్చింది. తరవాత ఒక చొక్కా వచ్చింది.
ఇంకేం రాలేదు. పదకొండేళ్లు.
ఈ సంగతి సుంబారికి ఎవరు చెప్పారో,
ఏ భాషలో చెప్పారో,
నిన్న కొండవాలున ఒక ఖాళీ జాగా చూపించింది.
"మీవోడికి."
"మాము మీవోళ్లం కాం గదే అప్పా."
"గోడలు కట్టినోడే గదా. నిలబడ్డం తెలుసు."
ఆగి, సంతలో బేరమాడే గొంతుతో,
"దున్నపోతునియ్యాల."
"బిల్లొచ్చాక" అంది రాజులమ్మ.

క్వారీ రాళ్లలో మిగిలినదొకటి తనే ఎత్తుకుంది.
ఇరవై మంది కూలీలుండగా
కొంగు చుట్టకుదురు చేసి, ఆ నడినెత్తి మీదే.
పాతి, తూకంగుండు వేలాడేసి నిలువు చూసింది.
గుండు ఊగడం మానేశాక కూడా
చాలాసేపు చూసింది.

నేను పుస్తకం తెరిచాను.
రాయి ఒకటి. రవాణా: తలమోత.
ఏ పద్దు కింద రాయాలమ్మా అంటే
ఇటు తిరగలేదు.
తేదీ మాత్రం వేసి ఉంచాను.