తరుగు

ఎనుమాముల యార్డుల
పదిహేడేండ్ల సంది కాంటా రాస్తున్న.
బస్తా ఎక్కుతది, ఎర్ర అంకెలు కాసేపు కొట్టుకొని ఆగుతయి,
తరుగు తీసేసి చిట్టీ చింపి ఇస్త.
నా చెయ్యి తప్పు రాయదని పేరు.

ఆ పొద్దు షెడ్డు నిండ తేజ మిర్చి.
ఏ చప్పుడూ లేకుంట
లోకం బెత్తెడంత వెనక్కి జరిగింది.

ఏదీ కూలలే. ఏదీ పగలలే.
హమాలీలు ఎప్పటి తీర్గనే ఉరుకుతున్నరు,
కొమురెల్లి ఎప్పటి తీర్గనే దగ్గుకుంట తిడుతున్నడు,
గని అందరికి ఎవరో గంజి పెట్టి ఆరేసినట్టు
బిర్రుగ, పల్చగ,
వెనకాల ఏమీ లేనట్టు.
ఘాటుకు అందరి కండ్లల్ల నీళ్లు. నాకూ కారినయి.
చెంప మీద తడి తెలుస్తున్నది,
ఏడ్సేటోడు ఎవడో తెలుస్తలేదు.

ఇంటికి పోతే స్వరూప అన్నం పెట్టింది.
మొఖం ఆమెదే. గదువ కింది మచ్చ ఆమెదే.
లెక్క మొత్తం కుదిరింది, మనిషి మాత్రం రాలే.
బిడ్డ పకపక నవ్వితే
పక్కింటి టీవీల ఎవరో నవ్వినట్టుంది.

నాకు పిచ్చి లేదు. అదే కదా బాధ.
తారీఖు అడుగు, చెప్త.
బిడ్డ తరగతి, కాజీపేట ప్యాసింజర్ టైము, కిరాణం బాకీ
పైసలతో సహా చెప్త.
ఇది నా ఇల్లని తెలుసు.
తెలుసుడు వేరు, తగులుడు వేరు.

పెద్దమ్మ గాలి సోకిందన్నది.
ఎండుమిర్చి తిప్పి పొయ్యిల వేసింది,
"ఘాటు రాలే సూడు, దిష్టే" అన్నది.
దినాం వెయ్యి బస్తాలు తూసేటోనికి
నాలుగు కాయలతోని వైద్యం!
నవ్వు రావాలె. వస్తే బాగుండు.

ఒక ఐతారం ఎవరికీ చెప్పకుంట ఖిలాకు పోయిన.
నాలుగు దిక్కుల నాలుగు రాతి దర్వాజలు,
నడుమ గోడ లేదు, కప్పు లేదు.
ఒక దర్వాజల నుంచి లోపలికి పోయిన,
ఇంకో దర్వాజల నుంచి లోపలికి పోయిన,
ఎటు పోయినా బయటనే ఉన్న.
పల్లీలమ్మే ముసలామె చూసి
"ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా?" అన్నది.
చెప్పరాలే.

ఎంజీఎం దవాఖానల మూడు గంటలు లైన్ల కూసున్న.
డాక్టరమ్మ నవ్వలే, బెదరలే.
"నిద్రపోక ఎన్నాళ్లయింది?" అనడిగింది.
అప్పుడు చెప్పిన,
అర్ధరాత్రి గుండె డప్పులెక్క కొట్టుకునుడు,
చీటీల పైసలు మునిగిన సంగతి,
రెండేండ్ల సంది దాచిన భయం
తరుగు తీయకుంట.
"భయం మోయలేనంత అయితే
మెదడే ఫ్యూజు పీకి జేబుల పెట్టుకుంటది, ఇల్లు కాలకుంట.
లోకం ఎటూ పోలే. నువ్వూ పోలే" అన్నది.
గోలీలు రాసింది. పదిహేను దినాలకు మళ్ల రమ్మన్నది.
అట్లయినప్పుడల్లా
చేతికి దొరికింది పట్టుకొని పేరు పెట్టి పిలువమన్నది.

గోనె. సుతిలి. తొడిమె. ఇనుప కాంటా, చల్లగ.
సిగ్గయితది గని పిలుస్తున్న.
కొన్ని దినాలు పలుకుతయి. కొన్ని దినాలు పలుకయి.

నిన్న చేతులు కడుక్కోకుంటనే కన్ను నులుముకున్న.
భగ్గుమన్నది.
స్వరూప ఉరికొచ్చి, తల పట్టుకొని,
రెప్ప ఎత్తి ఉఫ్ ఉఫ్‌మని ఊదింది.
వెచ్చగ తగిలింది ఊపిరి.
ఉల్లిగడ్డ వాసన.
"కదలకు" అన్నది.
కదలలే.