గిల్మోర్ వీధిలో ముప్ఫైనాలుగు వేలు

బిస్కెట్ డబ్బా మూత తీసి
గాజుబల్ల మీద బోర్లించాడు కుర్రాడు.
నాణేలు దొర్లి కీబోర్డుల కిందికి పోయాయి.
ముప్ఫైనాలుగు వేల రెండొందల పెసోలు, ఆతే,
నాలుగుసార్లు లెక్కపెట్టాను, అన్నాడు.
ఇక్కడ కొట్లో నిలబడే ప్రతి ఆడదీ ఆతేనే,
అందరికీ అక్కనే.

పేరు ఎల్పిడియో. పందొమ్మిదేళ్లు.
కుబావోలో జీప్నీలు కడుగుతాడట.
గోళ్ల సందుల్లో గ్రీజు
సబ్బుకి లొంగలేదు.

బయట వాన.
వంతెన మీద రైలు వెళ్లినప్పుడల్లా
మా షాపులో వేలాడే ఫ్యాన్ల రెక్కలు
గాలి లేకుండానే కాస్త తిరుగుతాయి.

వాడి వేలు నేరుగా పై అరకు వెళ్లింది.
మూడు ఫ్యాన్ల కార్డు, ఇరవై ఎనిమిది వేలు.
పదకొండేళ్లుగా చూస్తున్నా,
అందరి వేళ్లకీ ఆ అర దారే తెలుసు.
మిగిలిన ఆరువేలకి
ప్రాసెసరూ బోర్డూ మెమరీ ఎలా వస్తాయని
నేనడగలేదు.
ఏ తెర మీద ఆడతావు? అన్నాను.

తల గోక్కున్నాడు.
సబ్బులూ సార్డీన్లూ అమ్మే పిన్ని కొట్టులో
కెమెరాకి తగిలించిన పాత తెర ఉందట.
రాత్రి కొట్టు కట్టేశాక ఇస్తుందట.
దొంగలు ఆ వేళకి నిద్రపోతారు కాబోలు.

అది సెకనుకి అరవై బొమ్మలు చూపిస్తుంది,
ఈ కార్డు నూటనలభై గీస్తుంది.
మిగతా ఎనభై ఎవరు చూస్తారు?

వాడు వానకేసి చూశాడు.

తాహో అమ్మే ముసలాయన కావడి గుర్తుందా,
ఒక బిందెలో సోయా మీగడ, ఒక బిందెలో పాకం?
మీగడ బిందె మరీ బరువైతే
ఆయన వీధి చివరికి చేరడు,
పాకం మాత్రం నేలపాలు.

పెన్సిల్ తీశాను.
రెండో అరలో రెండు ఫ్యాన్ల కార్డు, పదమూడు వేలు.
ఆరు కోర్ల ప్రాసెసర్, దానికి ఒదిగే బోర్డు.
మెమరీ పదహారు, కానీ ఎనిమిదీ ఎనిమిదీ,
జంటగా.
డిస్కు పెద్దది వద్దు, వేగమున్నది చాలు.
పిండి కొద్దీ రొట్టె అనుకుంటూ రాస్తుంటే
వాడు గాజు తలుపుల డబ్బా వైపు
ఓరగా చూస్తున్నాడు,
లోపల రంగుదీపాలు ఊపిరి తీస్తున్నట్టు
వెలిగి ఆరుతున్నాయి.

అది కావాలి, ఆతే.
పవర్ సప్లై చవకది వేసేయ్. ఎవరు చూస్తారు దాన్ని?

ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరం!
నా మొదటి కంప్యూటర్‌కి
నేనూ అలాగే ఆరొందల పెట్టె వేశాను.
తుపాను రాత్రి కరెంటు పోయి, వచ్చి, పోయి,
మళ్లీ వచ్చింది.
టప్ మని చిన్న చప్పుడు.
ఆరు నెలల జీతం కాలిన వాసన
ఇప్పటికీ ఒక్కోసారి ఈ ముక్కులోనే ఉంటుంది.
అదంతా చెప్పబోయాను.

ఆగండి, అన్నాడు వాడు.
బానెట్ మీద వెండి గుర్రాలు ఐదు బిగించి
బ్రేకులు మార్చని మాంగ్ టెర్యో బండి అన్నమాట.
దాన్ని నేనే కడుగుతాను.
దాన్లో ఎక్కను.

అంతే. గాజు డబ్బా ఊసెత్తలేదు మళ్లీ.
దీపాల్లేని నల్ల రేకు డబ్బా తెచ్చుకుని
ఒళ్లో పెట్టుకున్నాడు.

మెమరీ నువ్వే దించు, అన్నాను.
ఇంత గట్టిగా నొక్కాలా అని భయపడ్డాడు.
నొక్కాలి.
క్లిక్ మన్నప్పుడు
కళ్లు మూసుకుని ఉన్నాడు.

మొదటిసారి వెలిగిన తెర మీద
ఆట లేదు, బొమ్మ లేదు,
నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు.
ఎంతసేపు చదివాడో!

చెత్తసంచిలో చుట్టిన అట్టపెట్టెతో
జీప్నీ ఎక్కుతూ
రెండు టికెట్ల డబ్బులు అందించాడు,
ఒకటి తనకి, ఒకటి దానికి.

రాత్రి ఊడుస్తుంటే
కీబోర్డుల కింద ఐదు పెసోల నాణెం.
పై అర అంచున టేపుతో అంటించాను.
ఆ కార్డు ధర పడిపోయిన ఏడాది
ఎలాగూ వస్తాడు,
ముందు మంచి తెర కొనుక్కుని.