లాభం, రెండు, మూడు

మార్కాపురంలో కంభం రోడ్డు దిగాక
మూతబడ్డ పలకల ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో
గాలెమ్మ వాయించేదాన్ని
ఏమనాలో నాకింతవరకూ తేలలేదు.

నేను కీబోర్డు వాణ్ణి.
పెళ్లికొక రేటు, ఆదివారం చర్చికి ఇంకో రేటు.
మీట నొక్కితే రెండువందల తాళాలు
వాటంతటవే నడుస్తాయి నా పెట్టెలో.
ఆమె దగ్గర పదకొండు పలకలు.
అన్నీ సరుకులోంచి తీసేసినవే:
అంచు పెచ్చులూడినవి, నడుమ నెర్రె పారినవి,
ఓడెక్కకుండానే వెనక్కొచ్చినవి.
బైండింగు తీగతో దూలానికి వేలాడగట్టింది.
సైకిలు పుల్ల, ఇంత బలపం ముక్క, ఒక తడిగుడ్డ.
అదీ సరంజామా.

బలపాన్ని నిలువునా పట్టి పలక మీద లాగితే
పళ్లు జివ్వుమంటాయే, ఆ చప్పుడు మీకు తెలుసు.
ఒకటో తరగతిలో మీరూ చేసుంటారు,
పంతులు చేత చెవి మెలిపెట్టించుకునుంటారు.
మనం ఆపమన్న ఆ చోటే
ఆమె మొదలుపెడుతుంది.
పలక అని పేరైతే పెట్టాం గానీ
రాసి తుడవడమే తప్ప
దాన్ని పలకనిచ్చిందెవరు?

మొదటిరోజు నవ్వొచ్చింది.
రెండోరోజు శ్రుతి సరిచేద్దామని
కీబోర్డు మోసుకెళ్లాను.
మూడో పలక సరిగ్గా రెండు మెట్ల నడిమి సందులో మోగింది.
తెల్లదీ కాదు, నల్లదీ కాదు.
నా పెట్టెలో ఆ సందు లేదు.
"కాస్త అరగదీస్తే దారికొస్తదేమో అవ్వా" అన్నా.
"ముప్పయ్యేళ్లు అరగదీస్తానే ఉంటిగదయ్యా,
ఇంక దాన్నట్టా ఉండనీ" అంది.

తాళమూ చిక్కలేదు.
ఎనిమిదికి పెడితే జారింది, ఏడుకి పెడితే మిగిలింది.
చివరికి చేతులొదిలేసి ఆమె పెదాలు చూశాను.
లెక్కపెడుతోంది.
డజన్లు కట్టేటప్పటి లెక్క:
లాభం, రెండు, మూడు...
పదకొండు దాకా వచ్చి
గాలిలో పుల్ల ఆపి
మళ్లీ లాభం.

"పన్నెండోదేదీ?"
"అది పగిలేది గదా. డజనుకొకటన్నా పగిలేది.
దాని డబ్బులు కూలిలో పట్టుకునేటోళ్లు."

ఆ పగిలినదాని కోసం
నా కాలు ప్రతిసారీ లేచి ఆగేది.
దిగడానికి కింద నేలుండేది కాదు.
ఒక్కోసారి ఆ ఖాళీలోకి దగ్గొచ్చి పడేది,
లోపలెక్కడో రాతిపొడి కదిలిన దగ్గు.
దాన్నీ వదలదు ఆమె.
తడిగుడ్డతో పలకను రుద్ది
దగ్గుకు అదే గొంతులో బదులిస్తుంది.
నంద్యాల ప్యాసింజరు కూత వేస్తే
ఆగి, పూర్తిగా విని,
అందులో ఒక ముక్క తుంచుకుంటుంది.

హైస్కూలు వార్షికోత్సవంలో
బతిమాలి పది నిమిషాలు ఇప్పించాను.
చెవులు మూసుకున్నారు, హెడ్మాస్టరుతో సహా.
మూసుకున్న వేళ్ల సందుల్లోంచి విన్నారు.
ఒక్కరూ లేవలేదు.
దిగివస్తుంటే ఒకాయన "అయిపోయిందా?" అన్నాడు.
తిట్టో, ఆకలో,
ఆ గొంతుని ఏ మెట్టు మీద పెట్టాలో
ఇప్పటికీ తెలీదు నాకు.

పోయిన మాఘంలో పొదిలి దగ్గర పెళ్లి ఊరేగింపు.
ట్రాలీ మీద నేను, పక్కన బ్యాండు,
ముందు చిందులేసే కుర్రాళ్లు.
తీన్‌మార్ మంచి ఊపులో ఉండగా
నా వేళ్లు ఎందుకో
పదకొండు దగ్గర ఆగిపోయాయి.

లేచిన కాళ్లు లేచినట్టే ఉన్నాయి.
జనరేటరొక్కటే గుడగుడలాడింది.
"ఏంది మాస్టారూ, పెట్టె పోయిందా?" అని బ్యాండు మేస్త్రి.
పెళ్లికూతురి మేనమామ అయితే
అడ్వాన్సు సంగతి కూడా ఎత్తాడు.

ట్రాలీ చక్రం పక్కన
చెప్పు చేత్తో పట్టుకున్న పిల్లోడొకడు,
ఒంటికాలి మీదే తూలుతూ,
నన్ను చూసి పళ్లికిలించి,
"ఇంకోసారి ఆపు" అన్నాడు.