బేసి లెక్క

కొచేవ్యే అడవిలో జూన్ నెల.
బీచ్ చెట్ల కింద వెలుతురు
పచ్చగా, గంజిలా పలచగా.
యెర్నేయా మోకాళ్ళ మీద కూర్చుని
నిరుటి ఆకుల్ని జల్లెడ పడుతుంది.
నేను సంచి పట్టుకుంటాను.
ముప్పై నాలుగేళ్ళు ఈ చెట్లను కోసినవాణ్ణి,
ఇప్పుడు వాటి కింది చెత్త మోస్తున్నాను,
గంటకింత అని.

తెల్లగుడ్డ మీద రాలతాయి
బూజు, గింజల పెంకులు, నత్త ఖాళీ చేసిన గుల్ల,
ముడుచుకున్న రోకలిబండ ఒకటి.
వాటి మధ్యలోంచి ఒక ఎర్రదారం
తన ముడి తానే విప్పుకుని
నడిచిపోతుంది.

"నేల జెర్రి," అంది. "చూపుండదు."
కళ్ళు పోవడం కాదు,
కళ్ళకు తలలో చోటే పెట్టలేదు ఎవరూ.
మీసాలతో మట్టిని చదువుకుంటూ
ముందుకెంత సులువో వెనక్కీ అంతే.

భూతద్దం కింద ఆమె లెక్కపెడుతుంది,
పెదవులు కదుపుతూ, చిన్నపిల్లలా.
ముప్పై తొమ్మిది జతలు.
ఇంకోదానికి నలభై ఒకటి.
"మరి నలభై?"
"రాదు. ఎప్పుడూ బేసే.
నూరు కాళ్ళని పేరే గానీ
సరిగ్గా నూరున్న జెర్రి పుట్టలేదు.
యాభై జతలంటే సరిసంఖ్య కదా."
అని నా ఎడమచేతి వైపు చూసి
మాట మింగేసింది.

తొంభై ఆరులో రంపం పుచ్చుకున్నది పోగా
నాకు మిగిలిన వేళ్ళు తొమ్మిది.
వెయ్యికాళ్ళ జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కా
అంటారు.
అన్నవాడికి పదీ ఉంటాయి.

మధ్యాహ్నం, కూలిన మాను బెరడు లేపితే
అది చుట్టుకుని ఉంది.
చుట్ట నడుమ తెల్లటి గసగసాల్లా గుడ్లు.
పిల్లల వైపు వీపు, లోకం వైపు పొట్ట.
ఇదేం తల్లి, అనుకున్నాను.
"పొట్టలోంచి ఊరే జిగురు విషం," అంది యెర్నేయా,
"అది బయటివాళ్ళకి. గుడ్లకి కాదు."
ఎన్ని వారాలో తిండి లేకుండా అలాగే.
"బెదిరితే?"
"గుడ్లు తినేస్తుంది."
వానొస్తుంది అన్నట్టు అంది.

సీసా మూత తీసే ఉంది. స్పిరిట్ వాసన.
ఈ వాలులో బెరడు కింద దొరికింది ఇదొక్కటే,
జాబితాలో ఆ గడి ఇంకా ఖాళీ.
శ్రావణం ఆమె వేళ్ళ మధ్య
కాసేపు గాలిలోనే ఆగింది,
చెట్టు ఎటు ఒరుగుతుందోనని
మేము రంపం ఆపి వినేవాళ్ళం, అలా.
తర్వాత మూత బిగించింది.

వందేళ్ళ మానును పావుగంటలో పడగొట్టినవాణ్ణి,
అరచేతంత బెరడును
తిరిగి దాని చోట పెట్టడానికి
అంతకన్నా ఎక్కువే పట్టింది నాకు.

సాయంత్రం నోటుబుక్కులో ఆ గడిలో
ఆమె ఒక అడ్డగీత గీసింది.
"సున్నా కాదా?"
"సున్నా అంటే లేదని. గీత అంటే చూడలేదని."
"చూశాం కదా."
పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది, అంతే.

రాత్రి వాన.
బెరడు ఒక మూల ఎత్తుగా ఉండిపోయిందేమో,
నీళ్ళు లోపలికి దిగుతాయేమో,
ఈపాటికి తినేసిందేమో.
లేచి చూసొద్దామా అంటే
మళ్ళీ బెదిరించేది నేనే.
రేపు ఉత్తరపు వాలు. సంచి తడిగా ఉంది,
పొయ్యి దగ్గర ఆరేయాలి.